గాజుపెట్టెలో సముద్రపు గాలి

ఇండొనేషియా తూర్పు భాగమున అంబోయినా అను ద్వీపము కలదు. డచ్చి తూర్పు ఇండియా కంపెనీ ఉద్యోగిగా పదునేడవ శతాబ్దమున అక్కడ స్థిరపడిన రంఫియస్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు శంఖములు, గవ్వలు, చిప్పలు సేకరించి వాటిని వర్ణించుచు పెద్ద గ్రంథము వ్రాసెను. ఆయన 1702లో మరణించెను. గ్రంథము 1705లో అచ్చుపడినది. అందులో ఒక ఫిర్యాదు ఉన్నది. అందమైన శంఖములను తెల్లబడుటకై ఎత్తయిన బల్లమీద ఆరబెట్టగా, రాత్రివేళ చిన్న పీతలు బల్లనెక్కి, మంచి మంచి వాటిలో దూరి వెళ్ళిపోవుచుండెడివట. తాము విడిచిన పాత గుల్లలను మాత్రము ఆయనకు మిగిల్చెడివట.

ఈ దొంగలు సన్యాసి పీతలు. వీటి ఉదరము మెత్తనిది. మిగిలిన పీతలకు వలె దానిపై గట్టి పెంకు ఉండదు. అందుచేత చచ్చిన నత్తల గుల్లలలో ఉదరమును దాచుకొని, ఇంటిని వీపున మోయుచు తిరుగును. వీటిలో వందలాది జాతులు సముద్రములోనే జీవించును. కొన్ని మాత్రము నీటిని విడిచి నేలకెక్కినవి. ఈ నేల పీతలకు ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు లాట్రెయ్ 1829లో ‘సీనోబైటా’ అను పేరు పెట్టెను. మఠములో పదిమందితో కలసి బ్రదుకు సన్యాసి అని ఆ మాటకు అర్థము. పేరు బాగుగా కుదిరినది. ఏలననగా ఇవి ఒంటరివి కావు, గుంపులుగా తిరుగును. కరిబియన్ దీవులు, పసిఫిక్ దీవులు, హిందూ మహాసముద్ర తీరములు వీటి నివాసములు. మన దేశమున అండమాన్ దీవుల తీరముల యందును ఇవి కనిపించును. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియమునకు సూపరింటెండెంటుగా ఉండిన ఆల్కాక్, భారత సముద్రముల సన్యాసి పీతలను వర్ణించు పట్టికను 1905లో ప్రచురించెను.

పాశ్చాత్య దేశములలో అనేకులు నేడు ఈ నేల పీతలను ఇంటిలో గాజుపెట్టెయందు పెంచుచున్నారు. అట్లు పెంచువారిని ముందుగా వేధించునది తిండి కాదు, తేమ. పెట్టెలోని గాలికి సాపేక్ష ఆర్ద్రత నూటికి 75 నుండి 85 వరకు ఉండవలెనని అనుభవజ్ఞుల మాట. సాపేక్ష ఆర్ద్రత అనగా, ఒక ఉష్ణోగ్రత వద్ద గాలిలో ఇముడగల నీటియావిరిలో ఎంత భాగము నిజముగా ఉన్నదో నూటికి ఇంత అని చెప్పుట. చూచుటకు చిన్న అంకె. కాని దాని వెనుక మూడు వేరువేరు చోట్ల పుట్టిన విజ్ఞానము ఉన్నది: గాలిలోని తేమను కొలుచు విద్య, గాజులో తేమను నిలుపు విద్య, నేల పీత ఊపిరిని గూర్చిన విద్య. మొదటి రెండును పందొమ్మిదవ శతాబ్దపు నడిమికే సిద్ధముగా ఉండినవి. అవి మూడవదానితో కలియుటకు నూరేండ్లు చాలలేదు. ఆ ఆలస్యమునకు మూల్యము చెల్లించినవి పీతలే.

గాలిలోని తేమకు బిగియుట, సడలుట నులకమంచమునందును, డోలు చర్మమునందును ఎల్లరు చూచునదే. ఈ గుణమును సాధనముగా మలచినవాడు జినీవా నగరవాసి సొస్యూర్. ఈయన పర్వతారోహకుడు, భౌతిక శాస్త్రజ్ఞుడు. పొడుగాటి తలవెంట్రుకను సోడా ద్రావణములో ఉడికించి, జిడ్డు తీసి, ఒక కొనను బిగించి, రెండవ కొనను చిన్న ఇరుసుకు చుట్టి దానికి ముల్లు తగిలించెను. పూర్తిగా పొడియైన గాలినుండి పూర్తిగా తడిసిన గాలిలోనికి వచ్చుసరికి వెంట్రుక నూటికి రెండు పాళ్ళకు పైగా సాగును. ముల్లు ఆ మేరకు తిరుగును. ఈ సాధనమును, దానితో చేసిన పరిశోధనలను ఆయన 1783లో గ్రంథముగా వెలువరించెను. ఆ పిమ్మట దాదాపు రెండు వందల ఏండ్లు వాతావరణ కేంద్రములలో వెంట్రుకయే తేమకు సాక్షి. మానవుని శిరోజము కంటె చవుకయైన యంత్రభాగము మరియొకటి ఉండదు కదా!

ఇక గాజు సంగతి. లండను నగరమున రేవుల దగ్గర కాపురముండిన నథానియల్ వార్డ్ అను వైద్యునికి మొక్కలపై మక్కువ. కాని ఆ పొగ గాలిలో ఆయన నాటిన ఫెర్ను మొక్కలు బ్రదుకలేదు. 1829లో ఆయన ఒక సీతాకోకచిలుక జాతి పురుగు గూడును పరిశీలించుటకై దానిని తడి మట్టితో సహా సీసాలో పెట్టి మూత వేసెను. పురుగు మాట అటుండగా, మట్టిలో ఒక ఫెర్ను, ఒక గడ్డి మొలకెత్తినవి. పగటి వేడికి మట్టిలోని నీరు ఆవిరియై, గాజుపై బిందువులై, మరల మట్టిలోనికి జారుట ఆయన గమనించెను. నీరు పోయకయే ఆ మొక్కలు దాదాపు నాలుగేండ్లు బ్రదికినవి. 1833లో ఇట్టి గాజుపెట్టెలు రెండింటిని ఓడపై సిడ్నీకి పంపగా మొక్కలు క్షేమముగా చేరినవి. మరుసటి ఏడు ఆస్ట్రేలియా మొక్కలతో నింపిన పెట్టెలు అంతే క్షేమముగా లండనునకు తిరిగి వచ్చినవి. తన అనుభవములను వార్డ్ 1842లో గ్రంథస్థము చేసెను. 1848 తరువాత చైనా తేయాకు మొక్కలు హిమాలయ ప్రాంతపు తోటలకు చేరినది ఈ పెట్టెలలోనే. మన దేశపు తేనీటి చరిత్రలో ఒక అధ్యాయము ఆ సీసాకు ఋణపడి యున్నది.

వార్డ్ పెట్టె నుండి నీటి జంతువులను గాజులో పెంచు వేడుక బయలుదేరినది. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు ఆక్వేరియం తెరువబడినది. సముద్రపు సన్యాసి పీత ఆ గాజు తొట్లలో హాయిగా చేరినది. నేల పీతకు మాత్రము ఇల్లు కుదరలేదు. నీటి జంతువులకు తొట్టి, చిలుకలకు ఎలుకలకు పంజరము. నేలమీద నడచుచు మొప్పలతో ఊపిరి పీల్చు ప్రాణికి ఏది తగును? అంగడివారు పంజరమును ఎంచుకొనిరి.

ఈ ఎంపిక ఎంతటి పొరపాటో తెలియుటకు పీత శరీరములోనికి చూడవలెను. మొప్ప పలుచని పొరలతో ఏర్పడిన అంగము. గాలిలోని ప్రాణవాయువు ముందుగా ఆ పొరమీది తడిలో కరగి, పిదప రక్తములో చేరును. తడి ఆరినచో ఈ మార్గము మూసికొనును. సీనోబైటా మొప్పలు చిన్నవి. మొప్పల గది గోడలును, ఉదరముపై చర్మమును రక్తనాళములతో నిండి ఊపిరితిత్తుల పనిని కొంత నెరవేర్చును. ఉదరపు చర్మము చేయు ఈ పనిని ఫారెలీ, గ్రీనవే అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2005లో సూక్ష్మముగా వర్ణించిరి. కాని మొప్పయైనను, చర్మమైనను తడిగా ఉండవలసినదే. అందులకే ఈ పీత తన గుల్లలో కొంచెము నీటిని సదా మోయుచుండును. గుల్ల దానికి కవచము మాత్రమే కాదు, కుండ కూడ. ఎండిన చోట ఆ కుండలోని నీరు తరుగును. నింపుకొను వీలు లేనిచో మొప్పలు ఆరును. గాలి నడుమనే ప్రాణికి గాలి ఆడదు. ఇది ఒక్క దినములో ముగియు వ్యవహారము కాదు. వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. పీత మందకొడియగును, గుల్లనుండి వ్రేలాడును, ఒక ఉదయమున కదలదు. యజమాని దాని ఆయువు అంతే అనుకొనును. సరియైన చోట ఉంచిన పీతలు ముప్పది ఏండ్లకు పైగా బ్రదికినవని తెలిసినప్పుడు గాని ఆ మాటలోని విషాదము బోధపడదు.

1970 ప్రాంతముల నుండి అమెరికా తూర్పు తీరపు విహారస్థలములలో కరిబియన్ జాతి పీతలు ఆటవస్తువుల వలె అమ్ముడుపోసాగినవి. రంగులు పూసిన గుల్ల, తీగ పంజరము, ఒక తడి స్పంజి ముక్క: ఇదియే సరంజామా. పెద్దగా సంరక్షణ అక్కరలేని జంతువని పిల్లలకు చెప్పెడివారు. వేసవిలో సముద్రపుటొడ్డున గాలియే తడిగా ఉండును గనుక పీత కొన్నాళ్ళు బాగుగనే తిరుగును. చలికాలము వచ్చుసరికి అది లోపలి ఊళ్ళలో, వెచ్చజేసిన గదిలో ఉండును. అక్కడి లెక్క చూడుడు. సున్న డిగ్రీల వద్ద సంతృప్తమైన ఘనమీటరు గాలిలో ఉండునది సుమారు 4.8 గ్రాముల నీటియావిరి. ఆ గాలినే ఇంటిలోనికి తెచ్చి 22 డిగ్రీలకు వెచ్చజేసినచో, దానిలో 19.4 గ్రాములు ఇముడగలవు. ఉన్నవి మాత్రము ఆ 4.8 గ్రాములే. సాపేక్ష ఆర్ద్రత నూటికి 25 అగును. బయట మంచు కురియుచున్నను ఇంటిలోపల ఎడారి! ఆ గాలి తీగల సందులనుండి నిరంతరము వీచుచుండగా స్పంజి ముక్క ఏమి చేయగలదు? పీతకు చలి వేయునేమోయని జాలిపడి దీపము పెట్టిన వారు మరింత కీడు చేసిరి. 20 డిగ్రీల వద్ద నూటికి 80 పాళ్ళు ఉన్న తేమ, నీరు చేర్చకుండ 27 డిగ్రీలకు వేడిచేసినచో 54కు దిగిపోవును.

ఈ లోపల శాస్త్రజ్ఞులు తమ పని తాము చేయుచునే యుండిరి. అమెరికా జంతుశాస్త్రజ్ఞుడు వారెన్ గ్రాస్, పసిఫిక్ సముద్రములోని ఎనివెటాక్ అను పగడపు దీవిలో నేల పీతల నీటి సమతౌల్యమును పరిశీలించి 1964లో ప్రచురించెను. ఈ వర్గపు పీతలు తగిన ఉప్పదనము గల నీటిని ఎంచి త్రాగి రక్తములోని లవణములను సరిదిద్దుకొనునని ఇట్టి పరిశోధనలవలన తెలిసినది. నేడు పెట్టెలో మంచినీటి గిన్నె, సముద్ర లవణము కలిపిన నీటి గిన్నె రెండును ఉంచుట ఇందులకే. డచ్చి శాస్త్రజ్ఞుడు ద వైల్డ, కరిబియన్ సముద్రములోని కురసావ్ దీవిలో ఈ పీతల నీటి పొదుపును గూర్చి 1973లో దీర్ఘమైన అధ్యయనము వెలువరించెను. కురసావ్ వర్షము తక్కువైన దీవి. అట్టి చోట పీత పగలు బండసందులలోను, చెట్ల వేళ్ళ క్రిందను దాగి, గాలి చల్లబడి తేమ పెరిగిన రాత్రివేళ బయలుదేరును. పంజరములో ఆ దాగు చోటు లేదు. రాత్రియు పగలువలెనే పొడిగా ఉండును. 1979లో మెక్‌మాహన్, బర్గ్రెన్ అనువారు దీని శ్వాసక్రియను వివరించిరి. నేల పీతల జీవశాస్త్రముపై వీరి సంపాదకత్వమున ఒక పెద్ద గ్రంథము 1988లో కేంబ్రిడ్జిలో వెలువడినది. అనగా అంగళ్ళలో తీగ పంజరములు అమ్ముడుపోవుచుండిన కాలముననే, అది ఎందుకు పనికిరాదో గ్రంథాలయములలో అచ్చుపడి యున్నది. రెంటినడుమ దూరము ఒక వీధి మాత్రమే; దాటినవారు లేరు.

తేమ ఊపిరికే గాక ఘ్రాణమునకును అవసరమని మరింత ఆలస్యముగా తెలిసినది. జర్మనీ దేశమున జేనా నగరములోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారము, కరిబియన్ జాతి పీత చిన్న మీసములు నీటిలో కరగు వాసనలనే పసికట్టగలవు; గాలిలో తేమ హెచ్చినకొలది ఆ స్పందన బలపడును. పొడిగాలిలోని పీత తిండిని ముట్టకుండుటకు ఇదియు ఒక కారణము కావచ్చును.

తీగ పంజరము పోయి గాజుపెట్టె వచ్చినది క్రమముగా, పెంచువారే ఒకరికొకరు చెప్పుకొనుటవలన. అది నిజమునకు వార్డ్ పెట్టెయే. లోపల ఫెర్నుకు బదులు పీత. ఇక్కడ ఒక లెక్క చాలామందిని ఆశ్చర్యపరచును. 38 లీటర్లు పట్టు చిన్న పెట్టెలో, 27 డిగ్రీల వద్ద, గాలి పూర్తిగా సంతృప్తమైనను అందులోని నీటియావిరి ఒక గ్రాముకు మించదు. చిన్న చెంచాడు నీటిలో ఐదవ వంతు! మూత తెరచిన క్షణమున అది గదిలో కలసిపోవును. కావున పొద్దస్తమానము నీరు చిలుకరించుట వలన గాలి తేమ నిలువదు. నిలుపునది అడుగున ఉన్న తడి ఇసుక. 10 కిలోల ఇసుకలో నూటికి 5 పాళ్ళు నీరున్నచో అర కిలో అగును. గాలిలోని గ్రాము తరిగినప్పుడెల్ల ఆ నిధి దానిని పూరించును. వార్డ్ సీసాలో తడి మట్టి చేసిన పని ఇదియే.

ఇసుకలో కొబ్బరి పొట్టు కలుపుట ఇటీవలి వాడుక: ఐదు పాళ్ళ ఇసుకకు ఒక పాలు పొట్టు. కోనసీమలో పీచు తీయగా కుప్పలుపడు పొట్టువంటిదే అది. ఎండబెట్టి ఇటుకలుగా అదిమి దేశదేశములకు పోవుచున్నది. తన బరువునకు అనేక రెట్లు నీటిని పీల్చి మెల్లగా విడుచుట దాని గుణము. ఇసుకకు ఎంత తడి కావలెనో పిల్లలకు తెలియును: సముద్రపుటొడ్డున పిచ్చుకగూడు కట్టినప్పుడు కూలకుండ నిలుచునంత. పిడికిట పట్టి నొక్కినచో ముద్ద కావలెను, నీరు కారరాదు.

నీరు కారరాదను మాట తేలికది కాదు. పొడికి భయపడిన వారు తరువాత తడితో చంపుచుండిరి. గది చల్లగాను పెట్టె వెచ్చగాను ఉన్నప్పుడు గాజుపై ఆవిరి గట్టిపడి, ధారలై, ఇసుక అడుగునకు దిగును. పైన చూచిన పొడి ఇసుక, అడుగున మడుగు. గాలి చొరని ఆ మడుగులో సూక్ష్మజీవులు పెరిగి కుళ్ళువాసన పుట్టును. వేడిచేయు పలకను పెట్టె క్రింద పెట్టుట ఈ కీడును పెంచును. వెనుక గోడకు, ఇసుకమట్టమునకు పైన అంటించుట మేలు. మూతను పూర్తిగా బిగించుటయు కూడదు. తన పెట్టెలు గాలి చొరనివి కావని వార్డ్ నాడే స్పష్టముగా చెప్పియున్నాడు. లోనికి వెలుపలికి గాలి సన్నగా మారుచుండవలెను. ఇసుకలోని నిధి పూరించగలిగినంత మెల్లగా మారవలెను. సంరక్షణలోని నేర్పు అంతయు ఈ రెంటి నడుమ ఉన్నది.

ఆ నడిమిని చూపునది మరల సొస్యూర్ సాధనమే, రూపు మారినది. అంగళ్ళలో చవుకగా దొరకు గుండ్రని ముల్లు సాధనములు తరచు పది పాళ్ళు అటునిటుగా చూపును. 1973లో ఫిన్లండు దేశపు వైసాలా కంపెనీ, తేమను పీల్చు పలుచని ప్లాస్టిక్ పొర గల కెపాసిటరును ప్రవేశపెట్టెను. పొరలో నీరు చేరినకొలది దాని విద్యుత్ ధారకత్వము మారును. నేటి అంకెల సాధనములలో ఉన్నది ఈ కోవదే. ఇవియు కాలక్రమమున దారి తప్పును. సరిచూచుటకు ప్రయోగశాల అక్కరలేదు; వంటింటి ఉప్పు చాలును. సీసామూతలో ఉప్పు పోసి, కరగిపోకుండ తడి ముద్ద అగునంత నీరు చేర్చి, దానిని సాధనముతో పాటు గాలి చొరని సంచిలో ఒక రాత్రి ఉంచవలెను. సంతృప్తమైన ఉప్పు ద్రావణముపై గాలి సాపేక్ష ఆర్ద్రత 20 డిగ్రీల వద్ద 75.5, 30 డిగ్రీల వద్ద 75.1. వేడి మారినను ఇది ఇంచుమించు కదలదు. సాధనము 70 అని చూపినచో ఐదు కలుపుకొనవలెను. పీతకు కావలసిన తేమ హద్దునకు ఇంత దగ్గరగా ప్రకృతియే ఒక గుర్తు పెట్టియుండుట పెంచువారి అదృష్టము.

ఇంత శ్రమ ముఖ్యముగా ఒక ఘట్టము కొరకు. పీత పెరుగవలెనన్న పాత పెంకును విడువవలెను. దీనిని నిర్మోచనమందురు. అప్పుడు సన్యాసి పీత నీటిని దేహమున నిలువజేసికొని ఇసుకలో లోతుగా దిగి, చిన్న గుహ చేసికొని, అందులో పాత పెంకును వదలి, మెత్తని కొత్త చర్మము గట్టిపడువరకు ఉండును. సున్నము కొరకు ఆ పాత పెంకును తినును. పీత పరిమాణమును బట్టి ఇందులకు కొన్ని వారములు మొదలు కొన్ని నెలలు పట్టును. ఇసుక పొడియైనచో గుహ కూలును. మడుగైనచో పీత మునుగును. తీగ పంజరములో రంగురాళ్ళమీద ఉన్న పీతకు దిగుటకు చోటే లేదు. చచ్చినదని తలచి త్రవ్వి తీసి, నిజముగానే చంపిన వారు ఎందరో. అందుచేత ఇసుక లోతు పెద్ద పీత ఎత్తునకు మూడు రెట్లకు తక్కువ ఉండరాదని, మునిగిన పీతను త్రవ్వరాదని నేడు పెంచువారు నియమముగా పాటించుచున్నారు.

సంతానము మాట వేరు. తల్లి పీత గుడ్లను సముద్రములోనే విడుచును. డింభకములు ఉప్పునీటిలో ఈదుచు పెరుగును. 1962లో ప్రొవెంజానో అను అమెరికా శాస్త్రజ్ఞుడు కరిబియన్ జాతి డింభకములను ప్రయోగశాలలో పెంచి వాటి దశలను వర్ణించెను. చివరి దశలో ఆ చిరుజీవి గోరంతైనను లేని గుల్లను వెదకుకొని, నీటి అంచున నిలిచి, నేలకెక్కును. తొట్టి ముగిసి వార్డ్ పెట్టె మొదలగు చోటు అదియే. అక్కడ గాలి ఏమాత్రము పొడిగా ఉన్నను అది నిలువలేదు. 2010 తరువాతి సంవత్సరములలో పెంపకందారులు కొందరు ఇంటిలోనే ఈ గట్టును దాటించి పీతపిల్లలను పెంచగలిగిరి. అంగళ్ళకు వచ్చు పీతలు మాత్రము నేటికిని దాదాపు అన్నియు తీరములనుండి పట్టి తెచ్చినవే.